మానసిక రోగి – ఠాణా – వైద్యశాల

ఇంట్లో ఒకరికి గుండెనొప్పి వస్తే ఎవరూ పోలీసులను పిలువరు. అదే మనిషి రాత్రులు నిద్ర మాని, ఎవరికీ వినబడని మాటలకు జవాబులు చెబుతూ వీధిన పడితే, ఇరుగుపొరుగువారికి మొదట గుర్తుకు వచ్చేది ఠాణాయే. రెండూ వ్యాధులే అయినప్పుడు ఒకదానికి మందు, మరొకదానికి లాఠీ ఎందుకు? ఈ ప్రశ్నకు నేటి భారత చట్టంలో స్పష్టమైన సమాధానం ఉంది. దానిని ప్రతి కుటుంబమూ ఎరిగి ఉండాలి.

1987 నాటి చట్టం ప్రకారం, పోలీసులు పట్టుకున్న మానసిక రోగిని 24 గంటలలో మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచవలసి ఉండేది. 2018 మే 29న అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ దారిని వైద్యశాలవైపు మళ్లించింది. దిక్కులేక తిరిగే రోగిని, వ్యాధి మూలంగా తనకుగాని ఇతరులకుగాని ప్రమాదం తేగల రోగిని రక్షణలోకి తీసుకోవడం స్టేషను అధికారి విధి అని దాని 100వ సెక్షను చెబుతున్నది. కాని 24 గంటలు మించకుండా అతన్ని సమీప ప్రభుత్వ వైద్యశాలకు చేర్చాలి. ఎట్టి పరిస్థితిలోను లాకప్పులోగాని జైలులోగాని ఉంచరాదు.

తిరుపతికి ఈ నియమం మరీ ముఖ్యం. అది దేశం నలుమూలలనుంచి జనం వచ్చిపోయే ఊరు. భాష తెలియని, తన ఊరి పేరైనా చెప్పలేని రోగి అక్కడి బస్టాండులో, రైల్వే స్టేషనులో కనబడితే, అతడు చేరవలసింది ఠాణా గది కాదు, మానసిక వైద్య విభాగమున్న రుయా వంటి ఆసుపత్రి.

అమెరికాలోని యూజీన్ పట్టణంలో 1989లో ఒక పద్ధతి మొదలైంది. ఇటువంటి పిలుపు వస్తే ఆయుధాలు లేని ఇద్దరు, ఒక వైద్య సహాయకుడు, ఒక మానసిక సేవకుడు, వ్యానులో వెళ్లేవారు. నిధులు చాలక 2025లో అక్కడ ఆ సేవ ఆగిపోయింది. స్థిరమైన ప్రభుత్వ ధనం లేనిదే ఇటువంటి సేవ నిలువదని దీనివల్ల తెలుస్తున్నది.

మన దేశంలో 2022 అక్టోబరు 10న ‘టెలి మానస్’ ప్రారంభమైంది. 14416కు ఫోను చేస్తే రాత్రింబగళ్లు ఉచితంగా, తెలుగులో సలహా లభిస్తుంది. అయితే అది దూరంనుంచి సలహా ఇచ్చే సేవ. ప్రాణాపాయం ఉన్నప్పుడు 108ను పిలిచి, ఇది మానసిక వ్యాధి అని ముందే చెప్పడం మేలు.

ముస్లిములకు ఈ ఆలోచన కొత్త కాదు. మతి స్థిమితం లేనివాడు షరీఅత్ దృష్టిలో ‘ముకల్లఫ్’ కాడు. అతనిపై విధుల భారం లేదు. 1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన బీమారిస్తానులో మానసిక రోగులకూ చోటుండేది. ఇంతటి వారసత్వం ఉండికూడా, 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడి దర్గా సమీపాన ఒక ప్రైవేటు ఆశ్రమంలో మంటలు లేచినప్పుడు, గొలుసులతో కట్టివేయబడి ఉన్నందున 28 మంది రోగులు పారిపోలేక కాలిపోయారు. గొలుసు వేయడాన్ని నేటి చట్టం 95వ సెక్షను పూర్తిగా నిషేధించింది.

దుఆ చేయించడం వైద్యానికి అడ్డు కాదు. దుఆ పేరుతో వైద్యాన్ని ఆపడమే అన్యాయం. లాకప్పు తలుపైనా, దర్గా గొలుసైనా రోగికి చేసేది ఒక్కటే: వైద్యుణ్ణి దూరం చేయడం. ప్రతి మసీదు నోటీసు బోర్డుమీద నమాజు వేళల పక్కన 14416 అనే అంకె రాసి ఉంచడం మహల్లా పెద్దలకు కష్టమైన పని కాదు.