కడలి దాటిన నాయనమ్మ

మన యిండ్లలో నాయనమ్మకు, అమ్మమ్మకు ఒక స్థానం ఏర్పడి ఉన్నది. ఉర్దూ మాట్లాడే కుటుంబాలలో దాదీ, నానీ అన్నా అదే స్థానం. పొయ్యి దగ్గర, తొట్టెల దగ్గర, జబ్బుపడినవారి మంచం దగ్గర ఆమె ఉండవలె. హత్నూర మొదలుకొని పటాన్‌చెరు వరకు గల ఈ కర్మాగారాల ప్రాంతంలో ఆ స్థానం మరింత బరువెక్కినది. బోరపట్ల వంటి గ్రామాలలో మందుల కర్మాగారాలు వెలసిన తరువాత భార్యాభర్తలిద్దరూ షిఫ్టులలో పనికి పోయే కుటుంబాలు పెరిగినవి. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చిన తల్లి పగలు కన్ను మూసినప్పుడు, బిడ్డకు అన్నం కలిపిపెట్టి బడికి పంపేది ముసలమ్మయే. అట్టి నాయనమ్మ ఒకనాడు లేచి, "నేను రెండేండ్లు పరదేశంలో పేదలకు సేవచేసి వస్తాను" అన్నచో ఇంటివారు ఏమందురు? మతి చలించినదని అనుకొందురేమో!

అయితే అట్లే అని, అన్నట్లే చేసిన ఒక వృద్ధురాలు ఉన్నారు. ఆమె వెళ్ళినది మరెక్కడికో కాదు, మన దేశానికే. సేవ చేసినది కూడా మన పటాన్‌చెరు వంటి కార్మికవాడలోనే. ఆమె పేరు లిలియన్ కార్టర్. తరువాతి కాలంలో అమెరికా అధ్యక్షులైన జిమ్మీ కార్టర్‌కు ఆమె తల్లి. కుమారుని పదవి వలన ఆమె పేరు లోకానికి తెలిసిన మాట నిజమే. కాని మనం చెప్పుకొనబోయే కథ ఆ పదవికి పదేండ్ల ముందటిది. అప్పటికి ఆమె ఒక చిన్న ఊరిలోని విధవరాలు, పని మానుకొన్న నర్సు, పలువురు మనుమలకు నాయనమ్మ, అమ్మమ్మ.

లిలియన్ 1898వ సంవత్సరం ఆగస్టు 15న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో జన్మించినారు. మనకు స్వాతంత్ర్య దినమైన తేదీ ఆమెకు పుట్టినరోజు కావడం ఒక చిత్రమైన పొంతన. నర్సు విద్య నేర్చి, 1923లో జేమ్స్ ఎర్ల్ కార్టర్‌ను వివాహమాడి, ప్లెయిన్స్ అనే ఊరిలో కాపురముండినారు. వారిది పల్లికాయ పండించే ప్రాంతం. నల్లజాతివారు తెల్లవారి యింటి ముందు వాకిట అడుగు పెట్టరాదని కట్టడి ఉన్న ఆ కాలంలో, ఆమె వారి యిండ్లకు వెళ్ళి వైద్యసేవ చేసేవారు. తమ యింటికి వచ్చినవారిని ముందు ద్వారం గుండానే పిలిచేవారు. నలుగురు బిడ్డలు కలిగినారు. 1953లో భర్త మరణించినారు. అటుపిమ్మట ఆమె కొన్నేండ్లు ఒక విశ్వవిద్యాలయ విద్యార్థుల వసతిగృహానికి పెద్దదిక్కుగా పనిచేసినారు, తరువాత ఒక వృద్ధాశ్రమాన్ని నిర్వహించినారు. ఇంట కూర్చొనడం ఆమె స్వభావం కాదని దీనినిబట్టి తెలియగలదు.

పీస్ కోర్ అనే శాంతిదళాన్ని అధ్యక్షుడు కెన్నెడీ 1961 మార్చి 1న స్థాపించినారు. అమెరికా పౌరులు రెండేండ్ల పాటు పరదేశాలలో ఉండి, అక్కడివారి వలెనే జీవిస్తూ, స్వల్పమైన భత్యంతో సేవచేయుట దాని పద్ధతి. అందులో చేరినవారు ఎక్కువగా కళాశాల ముగించుకొన్న యువతీయువకులు. 1966లో లిలియన్ టెలివిజన్‌లో ఆ దళం ప్రకటన చూచినారు. చేరుటకు వయస్సు అడ్డు కాదని అందులో ఉన్నది. ఆమె దరఖాస్తు పంపినారు. ఎంపికైనారు. చికాగోలో కొన్ని నెలలు శిక్షణ పొంది, మరాఠీ నేర్చుకొన్నారు. అరువది ఎనిమిదేండ్ల వయస్సులో కొత్త లిపి దిద్దుకొనుట ఎంత కష్టమో, మన వయోజన విద్యాకేంద్రాలలో పలక పట్టిన అవ్వలనడిగితే చెప్పగలరు.

ఆ యేడు చివర ఆమె బొంబాయి చేరినారు. నగరానికి ఈశాన్య దిక్కున ఉన్న విక్రోలిలో గోద్రెజ్ సంస్థవారి కర్మాగారాలు, కార్మికుల కాలనీ ఉన్నవి. మన మధ్యతరగతి యిండ్లలోని ఇనుప బీరువా పేరు వినగానే ఆ సంస్థ గుర్తుకు రాగలదు. పల్లెలు విడిచి, కూలికై వచ్చిన కుటుంబాల ఊరది. బొంబాయికి వలసపోవుట మన తెలుగువారికి కొత్త కాదు. ఆ నగరంలోని కామాఠీపుర అనే పేటకు ఆ పేరు వచ్చినది మన ప్రాంతం నుండి వెళ్ళిన కామాఠీ కూలీల వలననే.

ఆమెకు మొదట అప్పగించిన పని కుటుంబ నియంత్రణ ప్రచారం. ఆ దినాలలో ఆ కార్యక్రమం లక్ష్యసంఖ్యలతో నడుస్తూ ఉండినది. ఇందరికి శస్త్రచికిత్సలు జరుగవలెనని పైనుండి లెక్క వచ్చేది. ఆ పని ఆమె మనస్సుకు పట్టలేదు. తరువాత ఆమె కార్మికుల వైద్యశాలలో నర్సుగా కుదురుకొన్నారు. గాయాలు కడుగుట, సూదిమందు వేయుట, రోగులను ఓదార్చుట. నలుబదేండ్ల క్రిందట నేర్చిన విద్య అక్కడ మరల అక్కరకు వచ్చినది. ఇది విద్యార్థులు గమనింపదగిన విషయం. పరదేశానికి సేవచేయ వచ్చేవారు తెచ్చే సదుద్దేశం కన్న, చేతిలో ఉన్న ఒక్క విద్య రోగికి ఎక్కువ మేలు చేయగలదు. కర్మాగారంలో వ్రేలు నలిగిన కార్మికునికి కావలసినది ఉపన్యాసం కాదు గదా!

ఇక కుటుంబం మాట. లిలియన్ బయలుదేరిన యేడే కుమారుడు జిమ్మీ జార్జియా గవర్నరు పదవికి పోటీచేసి, స్వపక్షంలోని ప్రాథమిక ఎన్నికలోనే ఓడిపోయినారు. మన యిండ్లలో అట్టి సమయాన తల్లి ఇల్లు కదులుట తప్పుగా ఎంచబడును. ఆమె కదిలినారు. అంతకన్న పెద్ద విషయం మరొకటి ఉన్నది. 1967 అక్టోబరు 19న జిమ్మీకి, రోజలిన్‌కు కుమార్తె పుట్టినది. ముగ్గురు కొడుకుల తరువాత, చిన్నవాడు పుట్టిన పదునైదేండ్లకు కలిగిన ఆడబిడ్డ. పేరు ఏమీ. ఆ సమయాన నాయనమ్మ విక్రోలిలో ఉన్నారు. మన అమ్మలు నేడు కూతురి కాన్పుకని, కోడలి కాన్పుకని వీసాతో అమెరికాకు విమానమెక్కుచున్నారు. ఆ అమెరికా నాయనమ్మ మాత్రం తన మనుమరాలి పురిటికి వెళ్ళక, ఇక్కడ పరాయి బిడ్డలను ఎత్తుకొని ఉండినారు.

మరి కుటుంబాన్ని ఆమె మరచినారా? లేదు. ఉత్తరాలు వ్రాసినారు. ఎడతెగక వ్రాసినారు. విక్రోలిలో తాము చూచిన దారిద్ర్యం, తమ ఒంటరితనం, ఇంటిమీది బెంగ, చిన్న చిన్న సంతోషాలు అన్నీ బిడ్డలకు తెలిపినారు. ఇప్పటివలె చేతిలో ఫోను పట్టుకొని ముఖం చూచుకొనే రోజులు కావు. ఉత్తరం పోయి, జవాబు వచ్చేసరికి అడిగిన సంగతి పాతబడిపోయేది. 1968 ఆగస్టు 15న, తమకు డెబ్బదేండ్లు నిండిన దినాన కూడా ఆమె ఇంటికి ఉత్తరం వ్రాసినారు. ఆ ఉత్తరాలను కుమార్తె గ్లోరియా భద్రపరచినారు. 1977లో అవి తల్లీకూతుళ్ళ పేరిట ఒక గ్రంథంగా వెలువడినవి.

సుమారు 21 నెలలు ఇక్కడ ఉండి 1968లో ఆమె స్వదేశం చేరినారు. పురిటినాడు చూడని ఏమీ సంగతి ఏమైనది? 1976లో జిమ్మీ దంపతులు ఎన్నికల ప్రచారానికై దేశమంతా తిరుగుతూ ఉండగా, ఆ చిన్నదానిని ప్లెయిన్స్‌లో దగ్గర ఉంచుకొని చూచుకొన్నది ఈ నాయనమ్మయే. అనగా బాకీపడిన కాలాన్ని ఆమె మరొక విధంగా చెల్లించినారనవచ్చును. 1977 ఫిబ్రవరి 11న మన రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ పరమపదించినప్పుడు, అమెరికా పక్షాన అంత్యక్రియలకు ఢిల్లీ వచ్చిన ప్రతినిధివర్గానికి ఆమెయే పెద్ద. వెంట మనుమడు చిప్ కూడా వచ్చినాడు. ఆమె 1983లో మరణించినారు. 1986 నుండి పీస్ కోర్ వారు, యాబదేండ్లు దాటిన పిమ్మట సేవకు వచ్చినవారిని ఆమె పేరిట ఒక పురస్కారంతో గౌరవించుచున్నారు.

ఈ కథను చదివి మన అవ్వలందరూ ఆమెవలె చేయవలెనని చెప్పుట తేలిక. కాని న్యాయం కాదు. ఆమె వెళ్ళగలుగుటకు వెనుక ఏమేమి ఉన్నవో చూడవలె. బిడ్డలు పెరిగి స్థిరపడినారు. పొలమూ, వ్యాపారమూ ఉన్నవి. తమ అన్నానికి ఎవరిమీద ఆధారపడలేదు. ఆమె లేనంత మాత్రాన ఏ మనుమడూ పస్తుండడు. హత్నూరలోని ఒక ముసలమ్మ రెండేండ్లు ఇల్లు విడిచినచో, కోడలు కంపెనీ పని మానవలె. ఆ జీతం పోయిన దినాన ఇంటి అప్పు ఎవరు తీర్చుదురు? సేవ చేయు కోరిక పేదవారికి లేకపోలేదు. ఆ కోరికకు కావలసిన తీరిక లేదు.

ఐనను పేద అవ్వలు సముద్రాలు దాటుటయే లేదనుకొనరాదు. రాజస్థాన్‌లోని తిలోనియాలో బంకర్ రాయ్ 1972లో స్థాపించిన బేర్‌ఫుట్ కాలేజీ ఉన్నది. ఆఫ్రికా మొదలగు ఖండాల పల్లెల నుండి చదువు రాని స్త్రీలు, అందులో ఎందరో నాయనమ్మలు, అమ్మమ్మలు, అక్కడికి వచ్చి ఆరు నెలలు ఉండి సౌరదీపాలను అమర్చుట, బాగుచేయుట నేర్చుకొన్నారు. భాష కలియదు గనుక సైగలతోను, రంగుల గుర్తులతోను పాఠం సాగేది. ఈ ఖర్చుకు మన ప్రభుత్వం తోడ్పడినది. అవ్వలనే ఎందుకు ఎంచుకొన్నారని అడిగినవారికి రాయ్ చెప్పిన కారణం విచిత్రంగా ఉండును గాని అనుభవంలో నిజం. పడుచువాడు ధ్రువపత్రం చేతికి రాగానే పట్నం దారి పట్టును. అవ్వ మాత్రం తన ఊరికే తిరిగిపోవును. ఏ కుటుంబ బంధం ఆమెను కదలనీయదని మనం అనుకొంటున్నామో, ఆ బంధమే ఆమెను ఎన్నుకొనుటకు కారణమైనది! అట్లని ఇంటి పోరు లేదనుకొనవద్దు. అక్కడికి వచ్చిన జోర్డాన్ దేశపు ఒక తల్లి, బిడ్డలను తీసివేసుకొంటానని భర్త బెదిరించగా శిక్షణ నడుమ ఇంటికి పోయి, మరల వచ్చి పూర్తిచేసినది. ఆమె కథ 2012లో చలనచిత్రంగా కూడా వెలువడినది.

మరొక ఉదాహరణం చెప్పి ముగింతును. అంతర్యుద్ధంతో చితికిన లైబీరియా దేశానికి 2007 జనవరిలో ఐక్యరాజ్యసమితి పక్షాన మన దేశపు మహిళా పోలీసు దళం వెళ్ళినది. సుమారు 125 మంది. యేడాదికొక దళం చొప్పున 2016 వరకు ఆ సేవ సాగినది. వారిలో పసిబిడ్డల తల్లులు ఉన్నారు. ఆ బిడ్డలను ఇంటివద్ద పెంచినవారిలో అవ్వలెందరో! వార్తాపత్రికలలో తుపాకి పట్టిన తల్లుల చిత్రాలు వచ్చినవి. ఇంట పాలు కాచిన అవ్వల చిత్రాలు నేను చూడలేదు.

మన కళాశాలల నుండి యేటేటా విద్యార్థినులు ఎన్.ఎస్.ఎస్. శిబిరానికి వెళ్ళుదురు. వారం దినాలు ఊరిలో ఉండవలె. అనుమతి పత్రంపై తండ్రి సంతకం తీసుకొందురు. ఆ వారం ఇంటిలో నీళ్ళు పట్టి, తమ్ముళ్ళను చూచుకొనే దాదీని గాని, నాయనమ్మను గాని ఎవరూ అడుగరు. కళాశాల కమిటీవారు శిబిరపు ముగింపు సభకు ఆహ్వానపత్రికలు పంపునప్పుడు, తండ్రి పేరుతోబాటు ఆమె పేరు కూడా వ్రాసి పంపినచో అయ్యే ఖర్చు ఏమీ లేదు.