తేలికయైన కారు

స్పోర్ట్సు కారు నిత్యోపయోగమునకుఁ బనికిరాదని పలువురు తలంతురు. మేము లోటస్ ఎలీజ్ అను ఇంగ్లీషు కారును దృష్టాంతముగాఁ జూపెదము. 1996లో అమ్మకమునకు వచ్చిన దీని బరువు సుమారు 725 కిలోగ్రాములు మాత్రమే. చట్రము అల్యూమినియపు దూలములను జిగురుతో నతికించి చేయఁబడినది. బరువు తక్కువ గావున చిన్న యింజనే చాలును. పెట్రోలు తక్కువ పట్టును. టైర్లు నెమ్మదిగా నరుగును.

2021లో తయారీ నిలిచినందున నేఁడు పాతదానినే కొనవలెను. కొనువారు రంగుకంటె ముందుగా చట్రమును పరీక్షింపవలెను. దెబ్బతిన్న చట్రమును బాగుచేయుట మిగులఁ గష్టము. రేడియేటరు ముందును, యింజను వెనుకను ఉండుటచే నీరు దూరము ప్రవహించును. ఆ నీటి మట్టమును తఱచు చూచుకొనవలెను.

ఇందు ఇద్దఱికే చోటు గలదు. బిడ్డలను బడికిఁ గొనిపోవలసినవారు ముందే యోచించుకొందురు గాక! ఒంటరిగా ఉద్యోగమునకుఁ బోవువారికి మాత్రము, శ్రద్ధ యున్నచో, ఇది చక్కని బండియే.