గుర్రపు డెక్క ఉచితమే.. మోయాల్సింది నీళ్ల బరువు!

ఫైనలియర్ ప్రాజెక్టులకు టైటిళ్లు వెతికే రోజులొచ్చాయంటే చాలు, ‘గుర్రపు డెక్కతో సేంద్రియ ఎరువు’ అనే మాట ఏదో ఒక బ్యాచ్ నుంచి వినిపిస్తుంది. ఐడియా బాగుంటుంది. చెరువు శుభ్రమవుతుంది, రైతుకు ఎరువు దొరుకుతుంది, ముడిసరుకుకు పైసా ఖర్చుండదు. ఈ మూడు ముక్కలూ ఒక స్లైడ్‌లో పెడితే గైడ్ కూడా తలూపేస్తారు. అదే మాట స్టార్టప్ పిచ్‌లోనో, ఉద్యోగ ఇంటర్వ్యూలోనో చెప్పి చూడండి. అవతలివాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇలా ఉంటుంది: టన్ను మొక్క తీస్తే ఎంత ఎరువు వస్తుంది?

కాగితం, పెన్ను తీసుకోండి. పచ్చి గుర్రపు డెక్కలో దాదాపు 95 శాతం నీళ్లే. అంటే టన్ను మొక్కను లాగి గట్టున పడేస్తే, అందులో అసలు పదార్థం 50 కిలోలు. కుళ్లేటప్పుడు దీనిలోనూ కొంత కార్బన్ డయాక్సైడ్‌గా గాల్లో కలిసిపోతుంది. 40 శాతం పోయిందనుకుందాం, 30 కిలోలు మిగులుతుంది. తయారైన ఎరువులో పాతిక శాతం తేమ ఉంటుందనుకుంటే, తూకానికి వచ్చేది 40 కిలోలు. టన్నుకు ఒక్క బస్తా! కిలో 8 రూపాయల చొప్పున అమ్ముడుపోయినా చేతికొచ్చేది 320 రూపాయలు. ఆ టన్నును నీళ్లలోంచి లాగిన కూలి, ట్రాక్టర్ బాడుగ, తిరగేసే ఖర్చు అన్నీ ఇందులోంచే రావాలి. మీ ఊళ్లో ట్రాక్టర్ ట్రిప్పుకు ఎంత తీసుకుంటారో కనుక్కుంటే మిగతా కథ మీకే అర్థమైపోతుంది.

అలాగని ఐడియాను పక్కన పడేయక్కర్లేదు. డబ్బు ఎక్కడుందో కూడా ఈ లెక్కే చెబుతుంది. ఎరువు అమ్మకం ఒక్కదాని మీదే బతికే వ్యాపారం కాదిది. మొక్కను తొలగించే పని కోసం మున్సిపాలిటీలు, జలవనరుల శాఖలు టెండర్లు పిలుస్తాయి. ఆదాయంలో పెద్ద భాగం అక్కడి నుంచి రావాలి. ఎరువు దాని మీద అదనం. రెండోది, మొక్కను దూరం మోయకూడదు. ట్రాక్టర్‌లో టన్ను ఎక్కించి 20 కిలోమీటర్లు తీసుకెళ్తే మీరు మోసింది 950 కిలోల నీళ్లు! ఎండబెట్టడం, ముక్కలు చేయడం, కుప్ప పెట్టడం.. ఏదైనా చెరువు గట్టు దగ్గరే జరగాలి.

ఈ సూత్రాన్ని బంగ్లాదేశ్ దక్షిణ జిల్లాల రైతులు మనకన్నా చాలా ముందే పట్టుకున్నారు. అక్కడ వరద నీళ్ల మీదే గుర్రపు డెక్కను పరుపుల్లా పేర్చి, అది కుళ్లుతుండగా పైన కూరగాయలు, నారు పెంచుతారు. నీరు తీశాక మిగిలిన చెత్త పొలానికి ఎరువు. రవాణా ఖర్చే లేదు. ఈ తేలే తోటలను ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2015లో ప్రపంచ వ్యవసాయ వారసత్వ పద్ధతుల్లో చేర్చింది.

మొక్క మనది కాదు

గుర్రపు డెక్క సొంతూరు దక్షిణ అమెరికాలోని అమెజాన్ ప్రాంతం. ఊదా రంగు పువ్వు అందంగా ఉందని తోటల కోసం దేశదేశాలకు తీసుకెళ్లారు. బెంగాల్‌కు 19వ శతాబ్దం చివర్లో చేరింది. తర్వాత కాలువల్లో పడవలు కదల్లేదు, వరి పొలాలు మునిగాయి. దీన్ని తొలగించడానికే 1936లో అక్కడ ప్రత్యేక చట్టం తెచ్చారు. 1937 ఎన్నికల్లో పార్టీలు దీని నిర్మూలనను హామీగా ఇచ్చాయంటే నమ్ముతారా? మన దగ్గర మూసీ, హైదరాబాద్ చెరువులు, కొల్లేరు, కృష్ణా-గోదావరి డెల్టా కాలువలు, డ్రెయిన్లు.. ఎక్కడ చూసినా ఇదే కనిపిస్తుంది. అనుకూలిస్తే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. అంత వేగానికి కారణం నీళ్లలోకి వచ్చే మురుగు, పొలాల నుంచి కొట్టుకొచ్చే ఎరువులు. ఆ నత్రజని, భాస్వరమే దీని తిండి. పొటాష్ కూడా బాగానే దాచుకుంటుంది. ఒకరకంగా మనం పారబోసుకున్న ఎరువును ఈ మొక్క పోగు చేసి పెడుతోంది.

కుప్ప పెట్టే పద్ధతి

పూత రాకముందే తీయాలి. ఇది మొదటి మాట, అన్నిటికన్నా ముఖ్యమైన మాట. దీని విత్తనం బురదలో 15-20 ఏళ్లు బతికుండగలదు. పూత దశ దాటాక తీసిన మొక్కతో సరిగ్గా కాగని ఎరువు తయారుచేసి డెల్టా పొలాలకు ఇస్తే, ఆ పక్క కాలువలకు మీరే గుర్రపు డెక్కను సప్లై చేసినట్టు.

తీసిన మొక్కను వేర్ల బురద కడిగి, రెండు మూడు రోజులు గట్టున వాడనివ్వాలి. తర్వాత రెండంగుళాల ముక్కలుగా కత్తిరించాలి. పశుగ్రాసం కోసే చాఫ్ కట్టర్ దీనికి సరిపోతుంది. ఒట్టి గుర్రపు డెక్కను కుప్పేస్తే ముద్దలా మారి, గాలాడక కంపు కొడుతుంది. పేడ, రంపపు పొట్టు లేదా ఎండు గడ్డి కలపాల్సిందే. ఐఐటీ గువాహటి పరిశోధకులు తిరిగే డ్రమ్ముల్లో రకరకాల పాళ్లు వేసి చూశారు. మొక్క 6, పేడ 3, రంపపు పొట్టు 1 పాళ్లలో కలిపినది 20 రోజుల్లో మంచి ఫలితమిచ్చింది. వీటితో బస్తాల లెక్క కూడా పెరుగుతుంది, కానీ పేడ, పొట్టు ఉచితంగా రావు. ఖర్చుల పట్టికలో వాటికి ఒక వరుస రాసుకోండి.

కుప్ప కనీసం మీటరు ఎత్తు, మీటరు వెడల్పు ఉంటేనే లోపల వేడి నిలుస్తుంది. 55 డిగ్రీలు దాటి కొన్ని రోజులు ఉండాలి. పైన ఉన్నది లోపలికి, లోపలిది పైకి వచ్చేలా తిరగేస్తూ ఉండాలి. విత్తనాలు, రోగక్రిములు చచ్చేది ఈ దశలోనే. చాలామంది తొందరపడి నేరుగా వానపాములు వదిలేస్తారు. 35 డిగ్రీలు దాటితే అవి చచ్చిపోతాయి. చల్లని కుప్పలో విత్తనాలు చావవు. ముందు వేడి దశ, అది చల్లారాక వానపాములు.. ఈ వరుస తప్పకూడదు.

ఏ చెరువు మొక్క?

నిజం చెప్పాలంటే వ్యాపారం నిలిచేదీ, కూలేదీ ఈ ప్రశ్న దగ్గరే. గుర్రపు డెక్క నీళ్లలోని సీసం, కాడ్మియం, క్రోమియం లాంటి భారలోహాలను వేర్లలోకి లాగేసుకుంటుంది. మురుగు నీటిని శుభ్రం చేయడానికి దీన్ని వాడటానికి కారణం ఈ గుణమే. ఎరువు దగ్గరికొచ్చేసరికి అదే గుణం అడ్డం తిరుగుతుంది. కుళ్లినా లోహం ఎక్కడికీ పోదు. పైగా కుప్ప బరువు తగ్గేకొద్దీ దాని సాంద్రత పెరుగుతుంది. ఫ్యాక్టరీ వ్యర్థాలు కలిసే చెరువులోని మొక్కతో చేసిన ఎరువును ఆకుకూరల మడిలో వేయడం ఎవరికీ మంచిది కాదు.

ఎరువుల నియంత్రణ ఉత్తర్వు-1985 ప్రకారం సిటీ కంపోస్ట్ కిలోలో కాడ్మియం 5, సీసం 100, క్రోమియం 50 మిల్లీగ్రాములు మించకూడదు. నత్రజని కనీసం 0.8 శాతం, భాస్వరం, పొటాష్ 0.4 శాతం చొప్పున ఉండాలి. కార్బన్, నత్రజని నిష్పత్తి 20 లోపు ఉండాలి. బస్తా మీద పేరేసి అమ్మాలంటే వ్యవసాయ శాఖ అనుమతులూ కావాలి. కాబట్టి ముందు చెరువును ఎంచుకోండి, తర్వాతే కంపెనీ పేరు. ఇంకో విషయం, అక్కడ కలుపు మందు కొట్టారేమో అడగండి. కొట్టి ఉంటే ఆ మొక్క వద్దు.

ఇవన్నీ ఎవరిని అడగాలంటారా? చెరువు పంచాయతీదా, జలవనరుల శాఖదా, మున్సిపాలిటీదా అనేది ఆఫీసుల్లో తేల్చుకోవాలి. మందు కొట్టారా, ఏ నెలలో పూత వస్తుంది, ఏ మూల కాలువ కలుస్తుంది లాంటివి మాత్రం మత్స్యకార సొసైటీ వాళ్లకే బాగా తెలుసు. వలలు, పడవలు ఇరుక్కుని నష్టపోయేది వాళ్లే. మొక్క లాగే కూలి వాళ్లకే ఇచ్చేలా ప్లాన్ చేస్తే పని సగం సులువవుతుంది.

మీ బ్రాంచికి పనేంటి?

సీఎస్ఈ వాళ్లకు: సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఉచితం. 10 మీటర్ల స్పష్టతతో, సుమారు ఐదు రోజులకోసారి వస్తాయి. నీళ్ల మీద పచ్చదనం ఎంత పెరుగుతోందో వాటితో మ్యాప్ చేయొచ్చు. టెండర్ వేసేవాళ్లకీ, పిలిచేవాళ్లకీ కావాల్సిన సమాచారం అది. ఈసీఈ అయితే ఒక ఈఎస్‌పీ32 బోర్డు, నీళ్లలో తడిసినా పాడవని నాలుగు ఉష్ణోగ్రత ప్రోబ్‌లు చాలు. ‘కుప్ప 55 డిగ్రీలు దాటింది’ అనే మాటకు రికార్డు చూపించగలరు. మెకానికల్ వాళ్లకు నా సలహా ఒక్కటే: పెద్ద హార్వెస్టర్ డిజైన్ జోలికి పోకుండా, గట్టు మీదే మొక్కను పిండి నీళ్లు తగ్గించే చిన్న రోలర్ ప్రయత్నించండి. పైన చూసిన లెక్కలో అసలు బరువు అక్కడే ఉంది. అగ్రికల్చర్, మైక్రోబయాలజీ చదివినవాళ్లు లేకుండా మాత్రం ఈ టీమ్ నడవదు.

డబ్బు విషయానికొస్తే, తయారీ యూనిట్లకు పీఎంఈజీపీ కింద 50 లక్షల రూపాయల ప్రాజెక్టు వరకు రుణం, ప్రాంతాన్ని, వర్గాన్ని బట్టి 15 నుంచి 35 శాతం సబ్సిడీ ఉంటుంది. అగ్రికల్చర్ గ్రాడ్యుయేట్లకు అగ్రి క్లినిక్స్ పథకం ఉంది. దాని శిక్షణను దేశవ్యాప్తంగా నడిపించేది హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని మేనేజ్ సంస్థే.

రుణం దాకా వెళ్లేముందు ఒక పని చేయండి. మీరనుకున్న చెరువు నుంచి 10 కిలోల మొక్క తెచ్చి, నీళ్లు కారిపోయాక తూచండి. గలగలలాడేదాకా ఎండబెట్టి మళ్లీ తూచండి. అరకిలో వస్తే 95 శాతం నీళ్లన్న లెక్క కరెక్టే. 700 గ్రాములు వచ్చిందా? తేడా రెండు శాతమే అనిపిస్తుంది, కానీ టన్నుకు 50 కిలోలు కాస్తా 70 అయ్యాయి. అంటే అదే కూలికి, అదే ట్రాక్టర్‌కు 40 కిలోల బదులు 56 కిలోల ఎరువు.