మందుల చీటీని మనం చదవగలమా?

నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టడం చూసి, ఆ యేడు వానలకు కొదువ లేదని మన పెద్దలు చెప్పేవారు. గాలి వాటం చూసి పులికాట్ సరస్సులో పడవ దించాలా వద్దా అన్నది జాలరులు తేల్చుకుంటారు. ప్రక్కనున్న శ్రీహరికోట నుండి వెళ్లిన ఉపగ్రహాలు పంపే సంకేతాలను చదివేవారు కూడా ఉన్నారు. అయితే ఆసుపత్రి నుండి ఇంటికి తెచ్చుకున్న చిన్న కాగితం దగ్గరకు వచ్చేసరికి మనలో చాలామందిమి చదువు వచ్చి కూడా తెల్లముఖం వేస్తాము. "అది మందుల షాపు అబ్బాయికే అర్థమవుతుందిలే" అని మడిచి జేబులో పెట్టుకుంటాము. మందు మింగేది మాత్రం మనమే గదా!

చీటీలో పైన ఆర్ అక్షరానికి తోక మీద అడ్డగీత గీసినట్లు ఒక గుర్తు ఉంటుంది. అది లాటిన్ భాషలో "తీసుకో" అనే మాటకు పొట్టి రూపం. పూర్వం ఐరోపాలో వైద్యులు లాటిన్‌లో చీటీలు వ్రాసేవారు. ఆ భాష పోయింది గాని దాని ముక్కలు చీటీలో మిగిలిపోయాయి. ఓ.డి. అంటే రోజుకు ఒకసారి. బి.డి. అంటే రెండుసార్లు, టి.డి.ఎస్. అంటే మూడుసార్లు. హెచ్.ఎస్. అని ఉంటే రాత్రి పడుకునే ముందు. ఏ.సి. అంటే భోజనానికి ముందు, పి.సి. అంటే భోజనం తరువాత. ఎస్.ఓ.ఎస్. అంటే అవసరమైతేనే వేసుకోవాలి. నొప్పి లేని రోజున ఆ మాత్ర జోలికి పోనక్కరలేదు. కొందరు డాక్టర్లు ఇవేవీ లేకుండా 1-0-1 అని వేస్తారు. ఉదయం ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి అన్నమాట. నన్నడిగితే అన్నిటికంటే ఇదే మంచి పద్ధతి.

ఈ పొట్టి అక్షరాలతో చిక్కు లేకపోలేదు. ఓ.డి. అంటే కంటి డాక్టరు చీటీలో కుడి కన్ను అని అర్థం! ఇంతకంటే పెద్ద ప్రమాదం మెథోట్రెక్సేట్ వంటి మందులతో ఉంది. కీళ్లవాతానికి ఇచ్చే ఈ మాత్రను వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకునే మాత్ర అనుకొని మింగితే నోరు పుండ్లు పడుతుంది, ఎముకల లోపల రక్తం తయారయ్యే మజ్జ దెబ్బతింటుంది, ప్రాణం మీదకు కూడా వస్తుంది. ఈ మందు వాడేవారు ఏ వారం వేసుకోవాలో డాక్టరును అడిగి, ఆ వారం పేరును తెలుగులో చీటీ మీద వ్రాయించుకోండి. మందులను అసలు పేరుతో, చదవడానికి వీలుగా, వీలైనంతవరకు ఇంగ్లీషు పెద్ద అక్షరాలలో వ్రాయాలని 2016లోనే డాక్టర్లకు నియమం వచ్చింది. కాబట్టి అర్థం కాకపోతే అడగడానికి మొహమాటపడనక్కరలేదు.

ఇక మాత్రల అట్ట సంగతి. అట్ట మీద కంపెనీ పెట్టుకున్న పేరు ఒకటి ఉంటుంది. అసలు మందు పేరు వేరే ఉంటుంది, దాన్ని వెదకండి. క్రోసిన్, కాల్‌పాల్, డోలో అని పేర్లు ఎన్ని ఉన్నా లోపలిది పారాసిటమాలే. జలుబు మాత్రలలో కూడా చాలావాటిలో ఇది కలిసి ఉంటుంది. జ్వరానికి ఒకటి, జలుబుకు ఇంకొకటి, ఒళ్లునొప్పులకు మరొకటి వేసుకున్నవారు ఒకే మందును మూడు పేర్లతో మింగినవారవుతారు. మోతాదు మించితే దెబ్బతినేది కాలేయం. ఒక అంచున నిలువుగా ఎర్రగీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా ఆ మందు కొనకూడదు. యాంటీబయోటిక్ మందులను ఇష్టం వచ్చినట్లు వాడవద్దని చెప్పడానికి కేంద్ర ఆరోగ్యశాఖ 2016లో ఈ గీత గురించి ప్రచారం మొదలుపెట్టింది. గడువు తేదీలో నెల, సంవత్సరం మాత్రమే ఉంటే ఆ నెల చివరి రోజు వరకు వాడవచ్చు. మాత్రలు తీసేటప్పుడు తేదీ ఉన్న కొసను చివరకు మిగల్చండి. చాలామంది మొదట దానినే చించేస్తారు.

షుగరుకు ఇన్సులిన్ వేసుకునేవారు ఇక్కడ కాస్త నిదానంగా చదవాలి. మన దేశంలో సీసాలలో ఎక్కువగా దొరికేది ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు ఉండే ఇన్సులిన్. దానికి ఎర్రమూత సిరంజి వాడాలి. 100 యూనిట్ల ఇన్సులిన్ కూడా ఉంది. దాని సిరంజికి నారింజరంగు మూత ఉంటుంది. 100 యూనిట్ల మందును ఎర్రమూత సిరంజిలో 20 గీత వరకు లాగితే లోపలికి వెళ్లేది 20 కాదు, 50 యూనిట్లు! చెమటలు, వణుకు, కళ్లు తిరగడం, ఆపైన స్పృహ తప్పడం. తలక్రిందులుగా 40 యూనిట్ల మందును నారింజ మూత సిరంజితో 20 గీత దాకా తీస్తే వెళ్లేది 8 యూనిట్లే. షుగరు దిగదు, మందు పనిచేయడం లేదని మనం అనుకుంటాము. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా అని ప్రతిసారీ సరిచూడండి. షాపులో వేరే సిరంజి ఇస్తే తీసుకోకండి.

అక్షరాలు రాని అవ్వ, తాత ఇంట్లో ఉంటే ఉదయం మాత్రల పొట్లం మీద సూర్యుడిని, రాత్రి పొట్లం మీద చంద్రుడిని గీసి ఇవ్వండి. అన్నానికి ముందు వేసుకోవలసినదైతే ఖాళీ కంచం, తరువాతదైతే అన్నం ఉన్న కంచం గీస్తే సరిపోతుంది. ఈసారి ఆసుపత్రికి వచ్చేటప్పుడు పాత చీటీలతోపాటు ఇంట్లో ఉన్న అట్టలన్నీ, వేరేచోట కొన్నవి, నాటుమందులు కూడా, ఒక సంచిలో వేసుకొని తీసుకురండి. సంచి విప్పి చూపించాక, ఏ మందు ఎప్పుడు వేసుకుంటారో మీరే నర్సమ్మకు తిరిగి చెప్పండి. తప్పుంటే అక్కడే తెలిసిపోతుంది.