విదేశీ మూలధనము – ఒక చిన్న దేశపు అనుభవము

ఒక కుటుంబమునకు మెట్టపొలమున్నది. బావి త్రవ్వించుటకు చేత రొక్కము లేదు. వారికి రెండు మార్గములున్నవి. షావుకారు వద్ద అప్పు తెచ్చి బావి త్రవ్వించుకొనుట యొకటి. బావి త్రవ్వించి ఇంజను పెట్టగలవానిని పొత్తునకు పిలుచుట రెండవది. అప్పు తెచ్చినచో పంట పండినను ఎండినను వడ్డీ తప్పదు. పొత్తుదారుడు వచ్చినచో నష్టము అతనికిని తగులును. కాని పండిననాడు తన వాటా బండికెత్తుకొని పోవును, ఏ పైరు వేయవలెనో తానే చెప్పును.

దేశముల మధ్య ప్రత్యక్ష విదేశీ పెట్టుబడి యనబడునది ఈ రెండవ మార్గమే. పరదేశీయుడు మన కంపెనీల వాటాలు కొని, ధర పెరిగిన వెంటనే అమ్ముకొని పోవుట దీని క్రిందికి రాదు. సంస్థ నిర్వహణలో పలుకుబడి కలిగి చిరకాలము నిలుచునదియే ప్రత్యక్ష పెట్టుబడి. అంతర్జాతీయ ద్రవ్యనిధి గణనలో, ఓటు హక్కులయందు నూటికి కనీసము 10 వంతులు పెట్టుబడిదారునికి ఉండవలెనని నియమము. ఇట్టి పెట్టుబడి వెంట యంత్రములు, పని పద్ధతులు, సరుకు అమ్ముడుపోవు విపణులు కూడ వచ్చును. కావుననే వర్ధమాన దేశములు పన్నులు మినహాయించి, భూమి చౌకగా ఇచ్చి, దానికి స్వాగతము పలుకుచున్నవి. అయితే అది దేనిని చూచి వచ్చును? వచ్చినది మరలిపోయినచో ఏమి మిగులును? ఈ రెండు ప్రశ్నలకును మధ్య అమెరికాలోని కోస్టారికా దేశపు అనుభవమును శ్రోతల ముందుంచుచున్నాము.

చిరకాలము కాఫీ, అరటిపండ్లు అమ్ముకొని బ్రదికిన దేశమది. 1869లోనే ప్రాథమిక విద్యను ఉచితము, నిర్బంధము చేసినది. 1948లో సైన్యమునే రద్దు చేసినది. 1980ల ఆరంభమున విదేశీ ఋణభారము క్రింద క్రుంగిపోయి, కాఫీ అరటిపండ్లతో మాత్రమే కాలము గడవదని గ్రహించినది. పెట్టుబడులను వెదకి తెచ్చుటకై 1982లో సిండే అను సంస్థ అచ్చట ఏర్పడినది.

1990ల మధ్యకాలమున అమెరికా దేశపు ఇంటెల్ సంస్థ, కంప్యూటర్లకు ప్రాణము వంటి చిప్పులను కూర్చి పరీక్షించు కర్మాగారమునకు స్థలము వెదకుచుండెను. బ్రెజిల్, మెక్సికో, చిలీ వంటి దేశములు పోటీలో నుండెను. అప్పటికి కోస్టారికా జనాభా 35 లక్షల ప్రాంతము మాత్రమే. అయినను 1996 నవంబరులో ఇంటెల్ ఆ చిన్న దేశమునే ఎన్నుకొన్నది.

పన్నుల రాయితీయే కారణమని తలచుట పొరపాటు. తొలి 8 సంవత్సరములు పూర్తిగాను, పిమ్మట 4 సంవత్సరములు సగముగాను ఆదాయపు పన్ను మినహాయింపు ఉన్నమాట నిజమే. కాని అది స్వేచ్ఛా మండలముల చట్టము క్రింద వచ్చు సంస్థల కన్నింటికి వర్తించునదే. పోటీదేశములును రాయితీలు చూపగలవు. ఇంటెల్ అడిగిన ప్రశ్నలు వేరు: విద్యుత్తు నిరాటంకముగా వచ్చునా? విమానాశ్రయము సరకు రవాణాకు చాలునా? పనివాండ్రు చాలినంతమంది దొరకుదురా? ఒక్కొక్క ప్రశ్నకు ఒక్కొక్క ఏర్పాటు చేసి వారు బదులు చెప్పిరి. విద్యుత్తునకు ప్రత్యేకముగా ఉపకేంద్రము సమకూర్చిరి. సాంకేతిక విద్యాలయము తన పాఠ్యక్రమమును మార్చి, సాంకేతిక నిపుణులకు క్రొత్త శిక్షణ ప్రారంభించినది. అధ్యక్షుడు ఫిగెరెస్ స్వయముగా చర్చలలో పాల్గొనెను. నూరేండ్లకు పైగా బడులపై పెట్టిన వ్యయము ఆనాడు అక్కరకు వచ్చినది.

1998లో కర్మాగారము పని ప్రారంభించినది. చూచుచుండగనే దేశపు ఎగుమతులలో చిప్పులు కాఫీని, అరటిని మించిపోయినవి. కాని లెక్కను కొంచెము లోతుగా చూడవలెను. చిప్పునకు కావలసిన విలువైన భాగములు విదేశములనుండి వచ్చి, కూర్పు పూర్తియైన పిదప మరల విదేశములకే పోవుచుండెను. ఎగుమతి పట్టికలో కనబడు డాలర్లలో దేశమున నిలిచినవి స్వల్పము. స్థానిక వ్యాపారుల వద్ద కొన్నవి చాలవరకు సేవలు, సామాన్యమైన సామగ్రియే.

2014లో పరీక్ష తగిలినది. కూర్పు విభాగమును మూసి ఆసియాకు తరలించుచున్నట్లు ఇంటెల్ ప్రకటించెను. దాదాపు 1,500 మంది ఉద్యోగములు పోయినవి. పెద్ద ఎగుమతిదారుడు వెడలిపోయినచో ఆ దేశము కూలునని పలువురు భయపడిరి. అది కూలలేదు. ఇంజనీర్ల పరిశోధన విభాగము అచ్చటనే నిలిచినది. ఇంటెల్ రాకతో కలిగిన పేరు, శిక్షణ పొందిన జనము చూచి వైద్య పరికరముల సంస్థలు అప్పటికే వచ్చి స్థిరపడియుండెను. నేడు ఆ దేశపు సరకుల ఎగుమతిలో వైద్య పరికరములదే అగ్రస్థానము. 2020 చివర కూర్పు విభాగమును తిరిగి తెత్తుమని ఇంటెల్ ప్రకటించెను. 2025 జూలైలో దానిని వియత్నాం, మలేషియాలకు తరలింతుమని మరల ప్రకటించెను. పొత్తుదారుడు తన లెక్క తాను చూచుకొనును. అతని మాటపై మన కాపురము నిలుపుకొనరాదు.

ఈ కథలో చీకటి భాగమును కలదు. రాజధానిని ఆనుకొనియున్న నడిమి లోయకు దక్కిన భాగ్యము సముద్రతీరపు జిల్లాలకు దక్కలేదు. పన్ను లేని మండలములలోని విదేశీ సంస్థ ఒకవైపు, పన్ను కట్టు చిన్న వ్యాపారి మరొకవైపు. ఒకే దేశమున రెండు ఆర్థిక వ్యవస్థలేర్పడినవి. విదేశీ సంస్థకు సరకు అందించు స్థాయికి చిన్న వ్యాపారిని తీసికొని రానిచో, ఆ రెండింటి నడుమ వంతెన పడదు.

మనకును ఇది దూరపు ముచ్చట కాదు. 2017లో ఒప్పందము కుదిరి, 2019లో పెనుకొండ వద్ద కొరియా దేశపు కియా సంస్థ కార్ల ఉత్పత్తి ప్రారంభించినది. వానలు చాలని ఆ సీమలో గొల్లపల్లి జలాశయపు నీరు కర్మాగారమునకు చేరినది. కియా వెంట విడిభాగములు చేయు కొరియా సంస్థలును వచ్చినవి. ఎన్ని కార్లు బయటికి వచ్చినవో పత్రికలు వ్రాయును. పెనుకొండ, హిందూపురముల యువకులలో ఎందరు పనిముట్టు పట్టువారి స్థాయినుండి పనిముట్టు రూపొందించువారి స్థాయికి ఎదిగిరో, స్థానిక కార్ఖానాలలో ఎన్ని ఆ సంస్థకు విడిభాగములు అందించుచున్నవో, మనము అడుగవలసినది అది.

పొత్తుదారుడు ఏనాడైనను తన ఇంజను విప్పుకొని పోవచ్చును. బావి మన పొలములోనే యుండును. ఇంజను నడుపుట, బాగుచేయుట మన పిల్లలు నేర్చియున్నచో మరునాడు మరియొక ఇంజను తెచ్చుకొందురు. నేర్వకున్నచో నిండిన బావి ప్రక్కనే పైరు ఎండిపోవును.