పలనాటి శిలలును పెద్ద కెమేరాయును

ఛాయాచిత్రము రెప్పపాటులో ముగియు పని యని నేడు మనయందఱి తలంపు. చేతిలోని ఫోను నెత్తి నొక్కినంతనే బొమ్మ సిద్ధమగుచున్నది. కాని యొక్క బొమ్మకై నిమిషముల తరబడి వెలుతురును పోగుచేసెడి పద్ధతి యొకటి కలదు. మన పలనాటి ప్రాచీన శిలల రూపములు కొన్ని లోకమునకు దక్కుట యట్టి యోర్పు వలననే. కావున నా పద్ధతి యెట్టిదో, అది మనకేమి మిగిల్చెనో సోదరీమణులు తెలిసికొనుట మంచిది.

పెద్ద కెమేరా యనగా ముందొక కటకము, వెనుక నొక గరుకుటద్దము, నడుమ హార్మోనియము తిత్తివలె సాగి ముడుచుకొను నల్లని తోలుతిత్తి. దీనిని ముక్కాలి స్టాండుపై బిగించి, తలపై నల్లగుడ్డ కప్పుకొని చూచినచో ఎదుటి దృశ్యము అద్దముపై తలక్రిందులుగా కానవచ్చును. తలుపులు మూసిన గదిలోనికి సన్నని రంధ్రమునుండి వెలుతురు వచ్చునపుడు, వీధిలో పోవువారి బొమ్మలు గోడపై తలక్రిందులుగా నడచుట మనలో ననేకులు చూచినదే. ఇదియు నట్టిదే. దృశ్యము కుదిరిన పిదప కటకమును మూసి, అద్దమునకు ముందు ఫిల్ముపెట్టెను దూర్చి, దానికి మఱుగుగా నున్న పలుచని పలకను లాగి, కటకపు మూత తీసి, లెక్కించిన కాలము కాగానే మరల మూయవలెను. ఇందలి ఫిల్ము 4 అంగుళముల వెడల్పు, 5 అంగుళముల పొడవు గలదిగా నుండును. 8కి 10 అంగుళములదియు గలదు. ఈ రెండవది సామాన్యపు 35 మిల్లీమీటర్ల ఫిల్ము బొమ్మకంటె వైశాల్యమున సుమారు 60 రెట్లు పెద్దది. అందుచే శిలపై నున్న సన్నని గీతయు చెడక నిలుచును.

కాలమేల పట్టును? కటకపు రంధ్రము చిన్నదైనకొలది దగ్గఱివియు దూరపువియు సమముగా స్పష్టమగును. కాని వెలుతురు తగ్గును. 8వ సంఖ్య రంధ్రముతో ఒక సెకను చాలినచోట 64వ సంఖ్య రంధ్రముతో 64 సెకనులు కావలెను. అంతటితో తీరదు. సన్నని సెగపై పప్పు మన లెక్క ప్రకారము ఉడకదు గదా! అట్లే మందవెలుతురున ఫిల్మును మందగించును. లెక్కకు వచ్చినదానికంటె నింకను ఎక్కువసేపు కటకమును తెఱచి యుంచవలెను. గుడిలోపలి చీకటిలో నిది పలు నిమిషములకు పోవును. ఆ సేపు స్టాండు కదలరాదు. గాలి తిత్తిని ఊపరాదు.

ఇట్టి చిత్రమునకొక వింత గుణము గలదు. నిలిచినది మాత్రమే యందు నిలుచును. మాచర్ల చేరువ చంద్రవంకవాగు సుమారు 70 అడుగుల యెత్తునుండి దుముకు ఎత్తిపోతలను కొన్ని సెకనులపాటు చిత్రించినచో, నీరు ఏకిన దూదివలె కానవచ్చును. బండలు మాత్రము చెక్కు చెదరవు. కోటప్పకొండ మెట్లను కొన్ని నిమిషములపాటు చిత్రించినచో, ఎక్కిదిగు జనము మాయమై మెట్లే మిగులును. శిల కదలదు, కనుకనే యీ కెమేరాకు శిలకంటె ననుకూలమగు వస్తువు లేదు.

ఇందులకు మన అమరావతియే సాక్షి. 2022లో ఏర్పడిన పలనాడు జిల్లాలోనిదే యీ గ్రామము. ఇచటి స్తూపపు శిలలను 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించి మద్రాసునకు పంపెను. అచట నవి చాలకాలము ఎండవానలకు గుఱియయ్యెను. 1856లో మద్రాసు ప్రభుత్వ ఛాయాచిత్రకారుడుగా నియమింపబడిన కెప్టెన్ లిన్నియస్ ట్రైప్, 1858లో వానిని పెద్ద కెమేరాతో చిత్రించెను. మఱుసటి సంవత్సరమే అనేక శిలలు ఓడనెక్కి లండను చేరినవి. వ్యయమధికమని ప్రభుత్వము కొలదికాలముననే ట్రైపు పనిని నిలిపివేసెను. కాని, శిలలు సముద్రము దాటకమున్ను ఎట్లుండెనో ఆ బొమ్మలే నేటికిని చెప్పుచున్నవి.

నాగార్జునకొండ కథ యింతకంటె కరుణము. 1926లో నీ శిథిలములు బయల్పడెను. 1927 మొదలు 1931 వఱకు లాంగ్‌హర్‌స్ట్ త్రవ్వకములు జరిపించి, 1938లో చిత్రములతో గూడిన గ్రంథమును వెలువరించెను. ఆ కాలమున పురావస్తుశాఖవారు గాజుపలకలపై చిత్రములు తీయుచుండిరి. 1955లో నాగార్జునసాగరమునకు పునాది పడెను. 1954 మొదలు 1960 వఱకు మరల విరివిగా త్రవ్వి, దొరకినవానిని కొండమీదికిని అనుపు గట్టునకును తరలించిరి. లోయ మాత్రము నీటి పాలయ్యెను. అది యున్నదున్నట్లు చూడగోరువారికి నేడు చిత్రములే దిక్కు.

ఆ లోయలో, సుమారు పదునేడు వందల యేండ్లకు పూర్వము, ఇక్ష్వాకురాజగు చాంతమూలుని సోదరి చాంతిసిరి మహాచైత్యమునకు స్తంభములను నిలిపి, వానిపై తన పేరు చెక్కించెను. పేరు చెక్కించుటచే గదా ఆమెను మనమెఱుగుదుము! కెమేరా యెంత యోర్పుతో చూచినను రూపమునే పట్టగలదు, పేరును పట్టజాలదు.

మన యిండ్ల భోషాణములలో అవ్వల, ముత్తవ్వల పటములు గలవు. మందపు పలకల కాలమున కొన్ని సెకనులు కదలక కూర్చుండవలసి యుండెను. నవ్వును అంతసేపు నిలుపుట కష్టము. వారి మొగముల గాంభీర్యమునకు అదియు నొక కారణము. అంత యోర్పుతో కూర్చున్న యా స్త్రీల పేర్లు రెండు తరములకే మఱుగగుట న్యాయమా? తెలిసిన పెద్దలుండగనే అడిగి, పటము వెనుక అంచున మెత్తని పెన్సిలుతో పేరు, ఊరు, సంవత్సరము వ్రాయుడు. ఫలానావారి భార్య యని మాత్రము వ్రాసి విడువకుడు. గాజుపలకలున్నచో తడిగుడ్డతో తుడువక, ఒక్కొక్కదానిని శుభ్రమగు కాగితమున చుట్టి, చెమ్మ తగులనిచోట అంచుపై నిలబెట్టుడు. వెలుతురు తన పని చేసినది. మిగిలినది మన పని.