భయం ముందు కడుపుకే తెలుస్తుంది

సోమవారం పొద్దున ఏడున్నర. బడి బస్సు వచ్చే వేళకు రెండో తరగతి పిల్ల “అమ్మా, కడుపు నొప్పి” అంటూ మూలన కూర్చుంటుంది. ఆదివారమంతా లేని నొప్పి. బస్సు వెళ్ళిపోయిన అరగంటకు ఎవరూ మందు వేయకుండానే తగ్గిపోయే నొప్పి. “బడి ఎగ్గొట్టడానికి వేషాలు” అని ఇంట్లో పెద్దవాళ్ళు తేల్చేస్తారు. చాలాసార్లు ఆ తీర్పు తప్పు. పిల్ల అబద్ధమాడడం లేదు. కడుపు నిజంగానే నొప్పి పెడుతోంది. ఆ నొప్పి వెనక ఉన్నది భయమన్న సంగతే ఆమెకు తెలియదు.

ఇంగ్లండులో ఆప్లీ, నైష్ అనే ఇద్దరు వైద్యులు వెయ్యిమంది బడి పిల్లలను పరిశీలించి, 1958లో ఫలితాలు ప్రచురించారు. దాదాపు పదిమందిలో ఒకరికి మాటిమాటికీ కడుపు నొప్పి వస్తోందని తేలింది. వాళ్ళలో ఎక్కువమందికి కడుపులో ఏ జబ్బూ కనిపించలేదు. జబ్బు లేదంటే నొప్పి లేదని కాదు. జీర్ణాశయం, పేగుల గోడల్లో పది కోట్లకు పైగా నాడీకణాలున్నాయి. భయం కలిగినప్పుడు మెదడు పంపే సంకేతాలతో అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది. పరిగెత్తడానికో పోరాడడానికో వీలుగా రక్తం కండరాలవైపు మళ్ళుతుంది, జీర్ణక్రియ మందగిస్తుంది, పేగుల కదలికలు గతి తప్పుతాయి. వీటన్నిటినీ కలిపి పిల్ల చెప్పగలిగిన మాట ఒక్కటే: కడుపు నొప్పి.

శరీరం లోపలి స్థితిని పసిగట్టే ఈ శక్తిని ఇంటరోసెప్షన్ అంటారు. బ్రిటిష్ శాస్త్రవేత్త చార్లెస్ షెరింగ్టన్ 1906లో లోపలి అవయవాల నుంచి వచ్చే ఇంద్రియ సంకేతాలకు పెట్టిన పేరులోంచి ఈ మాట పుట్టింది. ఆకలి, దాహం, గుండె దడ, మూత్రం వచ్చిందన్న ఎరుక అన్నీ దీని కిందికే వస్తాయి. (అంతరింద్రియం అన్న మాటను మనవాళ్ళు ఎప్పటినుంచో మనసుకు వాడుతున్నారు. అనుకోకుండానే అయినా, రెండూ దగ్గరి చుట్టాలే.) లోపలి అవయవాలనూ మెదడునూ కలిపే వేగస్ నాడిలో దాదాపు 80 శాతం పోగులు కిందినుంచి పైకే, అంటే అవయవాలనుంచి మెదడుకే వార్తలు మోస్తాయి. ఆ వార్తలు చేరే ముఖ్యమైన చోటు ఇన్సులా అనే మెదడు భాగం.

ఆటలో మునిగిన పిల్లాడు ఆఖరి క్షణందాకా మూత్రం సంగతి గమనించడు. ఆకలేస్తోందని తెలియక అయినదానికీ కానిదానికీ గొడవపడతాడు. కోపం విషయంలోనూ అంతే. చెయ్యి లేచాకే తనకు కోపం వచ్చిందని అతనికి తెలుస్తుంది.

ఫిన్లాండ్ పరిశోధకులు 2014లో ఫిన్లాండ్, స్వీడన్, తైవాన్‌లకు చెందిన దాదాపు 700 మందికి మనిషి ఆకారాలిచ్చి, ఏ ఉద్వేగం ఒంట్లో ఎక్కడ తెలుస్తుందో రంగులు వేయమన్నారు. దేశాలు వేరైనా బొమ్మలు చాలావరకు కలిశాయి. కోపం తలా చేతుల్లో, అసహ్యం గొంతూ కడుపులో. తెలుగువాళ్ళకు ఇందులో పెద్ద ఆశ్చర్యం ఉండదు. ఒళ్ళు మండిందనీ, గొంతు పూడుకుపోయిందనీ, గుండె బరువెక్కిందనీ, కాళ్ళూ చేతులూ ఆడలేదనీ రోజూ అంటూనే ఉంటారు. తర్వాత 6 నుంచి 17 ఏళ్ళ పిల్లలతో ఇదే పని చేయిస్తే, వయసు పెరిగేకొద్దీ ఆ బొమ్మలు విడివిడిగా స్పష్టపడుతూ వచ్చాయి. అంటే ఈ చదువు పిల్లలకు పుట్టుకతో పూర్తిగా రాదు, ఎదుగుతూ నేర్చుకుంటారు.

నేర్పడానికి ఖరీదైన సామగ్రి అక్కర్లేదు. కబడ్డీలో కూతకు వెళ్ళొచ్చిన పిల్లల్ని గుండె మీద చెయ్యి వేసుకోమని, రెండు నిమిషాల తర్వాత మళ్ళీ వేసుకోమంటే చాలు. దడ దానంతటదే తగ్గుతుందని వాళ్ళ చేతికే తెలుస్తుంది. నేలమీద పడుకోబెట్టి చుట్టూ సుద్దముక్కతో గీసి, “నిన్న తమ్ముడి మీద కోపమొచ్చినప్పుడు ఎక్కడ తెలిసింది?” అని అడిగి ఆ చోట రంగు వేయించవచ్చు.

అడిగే తీరులోనే అసలు కిటుకు ఉంది. “ఎందుకేడుస్తున్నావు?” అంటే ఏడేళ్ళ పిల్ల దగ్గర జవాబుండదు. “ఎక్కడ ఎలా ఉంది తల్లీ?” అంటే ఉంటుంది. “నీకు భయంగా ఉంది కదూ” అని పెద్దలే పేరు పెట్టేయడం కూడా తొందరపాటే. గుండె దడ భయానికీ వస్తుంది, పుట్టినరోజు సంబరానికీ వస్తుంది, మెట్లెక్కినా వస్తుంది. అప్పుడు ఏం జరుగుతోందో కలిపి చూస్తేనే అర్థం తేలుతుంది. పేరు దొరికితే మాత్రం మేలే. ముఖాల్లోని ఉద్వేగానికి మాటల్లో పేరు పెట్టినప్పుడు, భయంతో ముడిపడిన అమిగ్డలా అనే మెదడు భాగంలో చురుకు తగ్గినట్టు 2007లో పెద్దవాళ్ళమీద జరిపిన మెదడు స్కాన్లలో కనిపించింది.

ఆ తర్వాత ఊపిరి. గాలి వదిలేటప్పుడు గుండె కాస్త నెమ్మదిస్తుంది. అందుకే నిదానంగా, పొడుగ్గా వదలడం పనిచేస్తుంది. చిన్నపిల్లలకు సబ్బునీటి బుడగలు ఊదడం కన్నా మంచి పాఠం లేదు, గట్టిగా ఊదితే బుడగ పగిలిపోతుంది. ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో 2018లో మొదలైన హ్యాపీనెస్ కరికులమ్‌లో ఇలా నిశ్శబ్దంగా తమను తాము గమనించుకునే వేళను తరగతిలోనే కేటాయించారు.

ఎక్కువైతే ఇదీ చేటే. ఇప్పటికే ఆందోళనపడే పిల్లలు ప్రతి దడనూ ప్రమాదంగా లెక్కిస్తారు. వాళ్ళను మాటిమాటికీ “ఎలా ఉంది?” అని అడగకూడదు. ఇక నొప్పి బొడ్డుకు దూరంగా ఒకే చోట ఉన్నా, నిద్రలోంచి లేపుతున్నా, జ్వరం, వాంతులు, రక్తం, బరువు తగ్గడం కనిపించినా కబుర్లు కట్టిపెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి.

ఊపిరి పాఠంతో పిల్లను శాంతపరచి బస్సెక్కించేయడం మరో పొరపాటు. పొగకు కళ్ళు మండుతుంటే కళ్ళు తుడుచుకుంటే సరిపోదు, పొయ్యి చూడాలి. సోమవారం కడుపు నొప్పి పిల్లనే తీసుకుందాం. వాళ్ళమ్మ పక్కన కూర్చుని “ఎక్కడ?” అంటే బొడ్డు దగ్గర చూపించింది. “ఎప్పుడు ఎక్కువవుతుంది?” అంటే “హారన్ వినపడగానే” అంది. బడిలో మరి? బడిలో ఉండదట. ఇంకాసేపటికి వెనక సీటు సంగతి బయటికొచ్చింది. రోజూ జడ లాగి, టిఫిన్ బాక్సు లాక్కునే పెద్ద పిల్లలు. ఆ రోజు వాళ్ళమ్మ మాత్రలు వెతకలేదు, పిల్లతోపాటు బస్సు దాకా వెళ్ళింది.